కండ్లు అని రాయాల్సిన చోట

నా మాతృభాషలో రాయడం నేను ముప్పై ఏళ్ళు దాటాక నేర్చుకున్నాను. ఈ మాట చెబితే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. అప్పటిదాకా ఏం పని చేశారని అడుగుతారు. రాత పనే చేశానంటే ఇంకా నవ్వుతారు.

మాది మంథని. ఇంట్లో మగ్గం. నిజాం కాలంలో మా బడి చదువంతా ఉర్దూలోనే సాగింది. ఇంట్లో, వీధిలో, కలలో తెలుగు. పలక మీద, పుస్తకంలో, పరీక్షలో ఉర్దూ. అది వింతగా ఉందని అప్పుడు మాకెవరికీ తోచలేదు. ఏడో తరగతి పాసయ్యాక మా బాపు నన్ను మగ్గం గుంటలోకి దిగనివ్వలేదు. "ఇంట్ల అందరం దారం పట్టినోళ్ళమే. నువ్వొక్కనివన్న కలం పట్టు" అన్నాడు. కలం పట్టి ఏం చేయాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఏడెనిమిదేళ్ళు ఆ పనీ ఈ పనీ చేశాను. పోలీస్ యాక్షన్ అయిపోయి ఊళ్ళో అలజడి సద్దుమణిగాక, బాపు నన్ను తహసీల్ కచేరీ వరండాలో అర్జీలు రాసే పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను.

ఉస్తాద్‌కు అప్పటికి యాభై దాటి ఉంటాయి. సన్నని మనిషి. మోచేతుల దగ్గర పలచబడ్డ షేర్వాణీ. రోజూ పొద్దున వచ్చి చాప పరుచుకుని, మూడు రెల్లు కలాలు చాకుతో చెక్కుకుని, సిరా దవాతు మూత తీసి, ఆ తర్వాతే ఎవరినైనా పలకరించేవాడు. ఆయన పెట్టెలో ఓ చిన్న డబ్బీ నిండా పటికబెల్లం ముక్కలుండేవి. కచేరీకి వచ్చేవాళ్ళలో ఏడ్చేవాళ్ళు ఎక్కువ. భూమి పోయినవాళ్ళు, అన్నదమ్ములు వెళ్ళగొట్టినవాళ్ళు. ఏడుపు మొదలుపెట్టగానే ఓ ముక్క చేతిలో పెట్టేవాడు. "ముందుగల్ల గిది చప్పరించు. అయిపోయినంక చెప్పు. నాకేం తొందర లేదు" అనేవాడు. నోట్లో బెల్లం పెట్టుకుని ఏడవడం ఎవరికీ చేతకాదు. ముక్క కరిగేలోగా మనిషి నెమ్మదించేవాడు.

మొదటి ఆరు నెలలు ఆయన నన్ను కలం ముట్టనివ్వలేదు. పక్కన కూర్చుని వినడమే పని. వచ్చిన మనిషి వెళ్ళిపోయాక నావైపు తిరిగేవాడు.

"ఏం చెప్పిండు?"

నేను గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పేవాణ్ణి.

"అది నేను గూడ ఇన్న. ఏం చెప్పకుంట పోయిండు, అది చెప్పు."

నాకు తెలిసేది కాదు. ఆయన చెప్పేవాడు: పొలం తనదన్నాడు కానీ ఎప్పటి నుంచి దున్నుతున్నాడో చెప్పలేదు. అన్న కొట్టాడన్నాడు కానీ ముందు తానేమన్నాడో చెప్పలేదు. "రేపు సాబ్ అడిగేది గదే. గది మనం ఇయ్యాల్నే అడగాలె" అనేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆయనకు. కచేరీలో ఏటా కొత్త రిజిస్టర్లు తెరిచే రోజున నన్ను కూర్చోబెట్టి ఒకే ప్రశ్న వేసేవాడు. "బేటా, వచ్చే ఏడు గిదే రోజుకు నీకు కొత్తగ ఏం వచ్చి ఉండాలె? ఒక్కటే చెప్పు. రెండు చెప్తే ఒక్కటి గూడ రాదు."

మొదటిసారి అడిగినప్పుడు, నెలకు ఇంత సంపాదించాలని ఏదో చెప్పబోయాను. చేయి అడ్డం పెట్టాడు. "గది నీ చేతుల లేదు. వానలు పడకపోతె అర్జీలు పెరుగుతయ్, పడితె తగ్గుతయ్. నీ చేతుల ఉన్నది అడుగుతున్న."

ఆ ఏడాది నా చేతిరాత తీర్చుకున్నాను. మరుసటి ఏడు పట్వారీల దగ్గర కూర్చుని గ్రామ నక్షాలు చదవడం నేర్చుకున్నాను. గట్టెక్కడ, కాలువెక్కడ, ఏ నంబరు ఎవరిది అన్నది కాగితం చూసి చెప్పగలిగేవాణ్ణి. మూడో ఏడు నేర్చుకున్నదే అన్నిటికన్నా కష్టమైంది. వచ్చిన మనిషితో "నీ అర్జీ నడవదు, రాయించుకోకు" అని చెప్పడం. చేతికొచ్చిన పనిని వద్దనడం నాకు ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. కానీ అలా చెప్పి పంపినవాడే మరో నెలకు తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. "గీయన ఉన్నదున్నట్టు చెప్తడు" అని.

నాలుగో ఏడు ఉస్తాద్ తన చాప చుట్టి ఓ పక్కకు జరిగి, వరండాకు అటు చివర నాకు చోటు చూపించాడు. "ఇగ నీ దుకాణం నీది" అన్నాడు. నేను కాళ్ళకు మొక్కబోతే, "అరె, లే లే, గిరాకీ చూస్తుండ్రు" అన్నాడు.

అలా ఐదేళ్ళు గడిచాయి. ఈలోగా పెళ్ళయింది. అంతర్గాం వైపు చేనేత కుటుంబంలోని పిల్ల. వాళ్ళ నాన్న కులపోళ్ళ ఇళ్ళలో పురాణాలు చదివి అర్థం చెప్పేవాడు. ఆమె మా అవ్వకు, అంటే అమ్మకు, మధ్యాహ్నాలు ఏవో చదివి వినిపించడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. అదొక విద్య అని నాకు తట్టలేదు. ఆడవాళ్ళ కాలక్షేపం అనుకున్నాను.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయింది. కచేరీకి కొత్త అధికారి వచ్చాడు, కోస్తా నుంచి. నెమ్మదస్తుడే. వచ్చిన వారానికి పేష్కారు, అంటే కాగితాలు ఆయన ముందు పెట్టే గుమస్తా, వరండాలోకి వచ్చి ఉస్తాద్ రాసినవి మూడు, నేను రాసినవి రెండు అర్జీలు తిరిగి ఇచ్చాడు.

"సారుకు ఉర్దూ చదువరాదు. తెలుగుల రాసి తెమ్మంటుండు, లేకపోతే ఇంగ్లీషుల."

ఉస్తాద్ ఆ కాగితాలు తీసుకుని, మడతలు సరిచేసి, పెట్టెలో పెట్టుకున్నాడు.  ఎదురుగా ఐదారుగురు నిలబడి ఉన్నారు. అందరూ నావైపు చూశారు. నా నోటికి ఎలా వచ్చిందో తెలియదు. "నాకు తెలుగు వస్తది" అనేశాను.

రాదు. బస్సుల మీది పేర్లు, క్యాలెండరు మీది వారాలు కూడబలుక్కుని చదవగలను, అంతే. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియదు. కొన్ని అక్షరాలు ఉన్నాయనే తెలియదు. కానీ పదిమంది ముందు అన్న మాట. ఆ రోజు నుంచి తెలిసిన అక్షరాలతో ఎలాగో నెట్టుకొచ్చాను. రెండు నెలలు ఎవరూ ఏమీ అనలేదు. నాకు ధైర్యం పెరిగింది.

అప్పుడు వచ్చింది ఆ ముసలమ్మ. గోదారి ఒడ్డున ఉన్న ఓ పల్లె నుంచి పక్కింటివాళ్ళ ఎడ్లబండి మీద వచ్చింది. పక్క పొలంవాడు గట్టు జరిపాడని ఆమె తగాదా. విచారణకు రమ్మని కచేరీ నుంచి ఇప్పటికి మూడుసార్లు కబురు వచ్చిందట. ఆమెకు చూపు పూర్తిగా మందగించింది.

"నాకు కండ్లు కనబడయ్ బిడ్డా. గింత దూరం ఎవల్ని పట్టుకొని రావాలె? సారునే మా ఊరికి వచ్చి గట్టు చూడుమని రాయి" అంది.

సులువైన అర్జీ. రాయడం మొదలుపెట్టి "కండ్లు" అన్న మాట దగ్గర ఆగాను. కొత్త అధికారి మాటలు నేను గమనిస్తూ వచ్చాను. మనం పెండ్లి అంటే ఆయన పెళ్ళి అంటాడు. మనం ఇండ్లు అంటే ఆయన ఇళ్ళు అంటాడు. కండ్లు అని రాస్తే మోటుగా ఉంటుంది, ఆయన మాటలోనే రాయాలి అనుకున్నాను. ఆయన పలికే తీరు చెవిలో గుర్తు చేసుకుని, నాకు తెలిసిన ఒకే ఒక్క "ల"తో, కింద దాని ఒత్తు పెట్టి, అందంగా రాశాను. ముసలమ్మ చేత వేలిముద్ర వేయించి లోపలికి పంపాను.

కాసేపటికి లోపల పెద్ద నవ్వు వినిపించింది. అధికారి కాగితం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"ఏమ్మా, నీకు కల్లు కనబడటం లేదా? కల్లు కనబడక కచేరీకి రాలేకపోతున్నావా?"

ఆమె ఆయన గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. "కల్లా? నేను కల్లు ముట్టక ఇరవై ఏండ్లాయె సారూ! ఎవలు చెప్పిండ్రు నీకు?"

పేష్కారు నవ్వాడు, చప్రాసీ నవ్వాడు, వరండాలో నిలబడ్డ గిరాకీ అంతా నవ్వారు. ఆమె మాత్రం తనను ఎవరో తాగుబోతు అన్నారనుకుని వణికిపోయింది. "నేను గసొంటిదాన్ని కాదు బాపూ, ఊర్ల ఎవల్నన్న అడుగు" అంటూ గాలిలో చేతులు జోడించింది.

నేను కదల్లేకపోయాను. లేచింది ఉస్తాద్. ఆమె చేయి పట్టుకుని అధికారి ముందుకు తీసుకెళ్ళి, తనకు వచ్చిన తెలుగులో విషయమంతా చెప్పాడు. అధికారి నవ్వు ఆపాడు. ముఖం చిన్నబోయింది ఆయనకు కూడా. "సరిగ్గా రాయించి పంపండి. నేనే వస్తాను" అన్నాడు. అప్పటికే బండివాడు తొందరపెడుతున్నాడు. ఆమె బండెక్కుతూ నావైపు కాక ఎటో చూస్తూ అడిగింది. "ఏం రాసినవ్ కొడుకా? గంతమంది ఎందుకు నవ్విండ్రు?"

నేను కలాలు సర్దుతూ తల వంచుకున్నాను. బండి వెళ్ళిపోయింది.

సాయంత్రం చాప చుడుతుంటే ఉస్తాద్ నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"నవ్వినోళ్ళ ఫికర్ చెయ్యకు. వాళ్ళు రేపటికి మర్చిపోతరు. ఆ ముసలమ్మ నిన్నొక మాట అడిగింది. దానికి జవాబు ఇయ్యాలె నువ్వు" అన్నాడు.

ఇంటికి వచ్చి ఆ కాగితం నా భార్య ముందు పడేశాను. ఆమె చదివింది. ముందు ఫక్కున నవ్వింది. నా ముఖం చూసి ఆపుకుంది.

"ముసలామె నీతోటి ఏమన్నది?"

"కండ్లు కనబడయ్ అన్నది."

"మరి కండ్లు అని ఎందుకు రాయలే? గది నీకు రాయ వచ్చు గద."

"సారుకు మన మాట మోటుగ ఉంటదని..."

"మాట సారుదా, ఆమెదా?" అంది. తర్వాత పలక తెచ్చి రెండు మాటలూ పక్కపక్కన రాసింది. ఒక దాంట్లో "ల", రెండో దాంట్లో నేను ఎన్నడూ రాయని "ళ". "గిదొక అక్షరం ఉంది. నీకు తెల్వదు, గంతే. తెల్వకపోతె నేర్చుకోవాలె. తెలుసని చెప్పుడే తప్పు."

నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు కావలసిన విద్య నా ఇంట్లోనే, పొయ్యి పక్కన కూర్చుని ఉందని ఆ రోజు తెలిసింది. నేర్పమని అడగడానికి నామోషీ అనిపించింది. ఆమే అంది: "తెల్లారి లేవు. నేను వాకిలి ఊడ్చి వచ్చేసరికి పలక పట్టుకొని కూసో."

మర్నాడు పొద్దున్నే ఆమె సరిగ్గా రాసిన అర్జీని నా చేత్తో నకలు చేసుకుని, ముసలమ్మ పల్లెకు నడిచి వెళ్ళాను. ఆమె వాకిట్లో కూర్చుని చేతులతో తడుముతూ చింతకాయల పెచ్చు తీస్తోంది. ఎదురుగా కూర్చుని ఉన్నదంతా చెప్పాను. నాకు తెలుగు రాయడం రాదని, వచ్చని అబద్ధమాడానని, నీ మాటను మార్చి చెడగొట్టానని.

ఆమె కాసేపు చింతపెచ్చు తీస్తూనే ఉంది. తర్వాత పళ్ళులేని నోటితో గట్టిగా నవ్వింది. "అట్లనా! నేను పరేషానయిన, నా పేరు మీద ఎవలో చాడీ చెప్పిండ్రని. రాత్రంత నిద్ర రాలే నాకు." ఆ తర్వాత చేయి చాచి నా మోకాలు తడుముకుని పట్టుకుంది. "నా కండ్లు ఇగ రావు కొడుకా. నీకు అక్షరం రాకపోతె రేపు వస్తది. నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

అప్పటిదాకా ఏడుస్తున్నానని నాకు తెలియదు.

కొత్త అర్జీ మీద ఆమె వేలిముద్ర తెచ్చి కచేరీలో ఇచ్చాను. పది రోజుల్లో అధికారి ఆ పల్లెకు వెళ్ళి గట్టు కొలిపించాడు. హద్దురాయి పక్కవాడి పొలంలో మూరెడు లోపల, మట్టి కింద దొరికింది. ఆమె చేను ఆమెకు వచ్చింది.

మా ఇంట్లో తెల్లవారుజాము చదువు మొదలైంది. మగ్గం గదిలో నేల మీద నేను, పలక, గడప మీద ఆమె, గుంటలో బాపు. ఆమె నాకు గడువు పెట్టింది. "మిర్గం నాటికి మా తల్లిగారింటికి ఉత్తరం నువ్వే రాయాలె. ఒక్క తప్పు ఉండొద్దు." మృగశిర కార్తెకు అప్పటికి నాలుగు నెలలుంది. వారానికి ఇన్ని ఒత్తులు, ఆ తర్వాత వారం చదివి రాసుడు, ఆ తర్వాత వినుకుంటూ రాసుడు అని ఆమె లెక్క. నేను తప్పు రాస్తే ఆమె కన్నా ముందు బాపుకు తెలిసిపోయేది. ఆమె గొంతులో తేడాను బట్టి కనిపెట్టేవాడు. మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఆపి, "మళ్ళ గాదే అక్షరమా?" అనేవాడు. నన్ను ఉర్దూ బడికి పంపించిన మనిషి, నేను అఆలు దిద్దుతుంటే నా వెనక కూర్చుని బట్ట నేశాడు.

మిర్గం నాటికి ఉత్తరం రాశాను. వారానికి నా ఉత్తరమే తిరిగి వచ్చింది. మామ ఎర్రసిరాతో మూడు చోట్ల సున్నాలు చుట్టి పంపాడు. వేరే ఒక్క మాట లేదు. రెండో ఉత్తరం ఒక సున్నాతో వచ్చింది. మూడో ఉత్తరానికి మాత్రం నిజమైన జవాబు వచ్చింది: "మిరపకాయలు బండి మీద పంపుతున్నాను. అందినట్టు రాయగలవు." అంతే. నా భార్య ఆ కార్డు చదివి, "మెచ్చుకున్నడు" అంది. ఎక్కడ మెచ్చుకున్నాడో నేను ఇప్పటికీ వెతుకుతున్నాను.

ఆ తర్వాత నా చాప దగ్గర జనం పెరిగారు. వాళ్ళ మాట వాళ్ళు అన్నట్టే రాసేవాణ్ణి. ఎక్కడన్నా మోటుగా తోస్తే కలం అక్కడే ఆపి, ఆ ముసలమ్మను తలుచుకుని, అలాగే ఉంచేసేవాణ్ణి. అధికారికి నా అర్జీలు ఒకసారి చదివితే సరిపోయేవట. పేష్కారు చెప్పాడు.

కానీ వరండాకు ఇటు చివర ఉస్తాద్ చాప ఖాళీ అవుతూ వచ్చింది. రోజూ వచ్చేవాడు. మూడు కలాలు చెక్కుకునేవాడు. దవాతు మూత తీసేవాడు. ఒకసారి సాయంత్రం చూశాను, పొద్దున చెక్కిన కలాలను ఆయన పెట్టెలో పెట్టుకుంటుంటే. మొనలకు సిరా అంటలేదు. 

"ఉస్తాద్, మీరు నా దగ్గరికి వచ్చి కూసోండ్రి. ఇద్దరం కలిసి చేద్దాం" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నా మీద రహమ్ జూపెడుతున్నవా? నీకు కూసునుడు నేర్పింది నేను" అన్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంట్లో ఈ సంగతి చెబితే నా భార్య అంది: "నువ్వు సాయం చేస్తనన్నవ్. పెద్దమనిషితోటి అట్ల ఎవరన్న అంటరా? నీకు సాయం కావాల్నని అడగకపోయినవ్?"

"నాకేం సాయం కావాలె?"

"నువ్వే చెప్పినవ్ గద మొన్న. రాసుకుంట మనిషి మొకం చూస్తలేనని."

నిజమే. ఒత్తుల మీద ధ్యాస పెట్టి పెట్టి నేను మనుషుల్ని వినడం మానేశాను. రెండు అర్జీల్లో ముఖ్యమైన సంగతులు వదిలేశాను కూడా. మరునాడు పొద్దున ఆయన కలాలు చెక్కుతుండగా వెళ్ళి ముందు కూర్చున్నాను.

"ఉస్తాద్, నాకు రాసుడు వచ్చింది. ఇనుడు పోయింది. చేతిల అక్షరం చూసుకునేసరికి మనిషి ఏం చెప్పకుంట పోతుండో తెలుస్తలేదు. మీరు ముందు కూసుండి ఇంటె, నేను ఎనుక కూసుండి రాస్త."

చాకు ఆపి నావైపు చూశాడు. నేను అబద్ధం ఆడుతున్నానేమో అని చాలాసేపు చూశాడు. చాప చుట్టుకుని లేచాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరిదీ ఒకే చాప. ఆయన అడిగేవాడు, పటికబెల్లం పెట్టేవాడు, ఆగేవాడు, నేను రాసేవాణ్ణి. అంత సుఖంగా పనిచేసిన రోజులు నా జీవితంలో మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం ఆయన ఇంటి నుంచి జొన్నరొట్టెలు, మా ఇంటి నుంచి పుంటికూర పప్పు వచ్చేవి. వాన పడితే ఇద్దరం చాప పట్టుకుని గోడవైపు జరిగేవాళ్ళం. వాన వెలిసేదాకా ఆయన పాతకాలపు తహసీల్దార్ల సంగతులు చెప్పేవాడు.

రిజిస్టర్ల రోజు మళ్ళీ వచ్చింది. ఈసారి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. కరీంనగర్ నుంచి వచ్చే కాగితాలన్నీ మిషను మీద కొట్టినవే వస్తున్నాయి. "టైపు నేర్చుకుంట" అన్నాను.

"ఎన్ని దినాలు?"

"ఆరు నెలలు. కరీంనగర్‌ల ఉండాలె."

"మరి గిక్కడ ఎవరు రాస్తరు?"

ఆ ప్రశ్నను ఇంటికి తీసుకెళ్ళాను. ఇంట్లో మాట వచ్చినప్పుడు నా భార్య పొయ్యిలో కట్టె సర్దుతూ, తలెత్తకుండా, "నేను రాస్త" అంది. మా అవ్వ చేతిలోని చేట కింద పెట్టింది. ఆడది కచేరీ వరండాలో కూర్చోవడమా అని. బాపు గుంటలోంచి అన్నాడు: "కచేరీకెందుకు? గిరాకీనే ఇంటికొస్తది."

ఉస్తాద్ కూడా అదే సబబన్నాడు. వరండాలో ఆయన కూర్చుని విని, రాయాల్సినవాళ్ళను మా ఇంటికి పంపేవాడు. మా గడప లోపల నా భార్య రాసేది.

కరీంనగర్‌లో నేను ఒక గది తీసుకుని ఆరు నెలలు ఉన్నాను. నాతో నేర్చుకునేవాళ్ళంతా మెట్రిక్ పాసై కొత్తగా మీసాలు వస్తున్నవాళ్ళు. నన్ను చూసి మొదటి రోజు మాస్టారనుకుని లేచి నిలబడ్డారు. అక్షరాల మీటలు కనబడకుండా మా చేతుల మీద ఓ గుడ్డ కప్పేవాడు మాస్టారు. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన నాకు, చూడకుండా కొట్టడం నరకం. చిటికెన వేళ్ళు వాచిపోయేవి. ఒక్కటే పెట్టుకున్నాను: ఈ నెలకు ఇన్ని మాటలు, తప్పు లేకుండా, వేగం సంగతి తర్వాత. వేగంగా కొట్టి తప్పులు చేసే పిల్లలు నన్ను దాటిపోతుంటే గుండె కలుక్కుమనేది. అయినా వాళ్ళతో పందెం పెట్టుకోలేదు. పరీక్ష నాడు వాళ్ళలో సగంమంది పోయారు. నేను ఒడ్డున పడ్డాను.

నెలకొకసారి ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో మారుతున్నట్టు అనిపించేది. మొదటిసారి వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. రెండోసారి ఆరుగురు. నా భార్యను అడిగాను, ఇంతమంది ఎక్కడినుంచి వచ్చారని.

"వీళ్ళందరు ఎప్పటినుంచో ఉన్నరు. నీ దగ్గరికి రాలే, గంతే" అంది.

కచేరీ వరండాలో, మగవాళ్ళ మధ్య, గట్టిగా చెప్పుకోలేని సంగతులు వాళ్ళవి. మొగుడు వదిలేసిన ఆమె, మరుదులు ఇంట్లోంచి గెంటేసిన ఆమె, భూమి పేరు మార్చమంటే పట్వారీ ఏవేవో మాటలన్న ఆమె. పదేళ్ళు ఉస్తాద్ ఉన్న వరండాలోనే కూర్చున్నాను. మనుషులు ఏం చెప్పకుండా వెళుతున్నారో పసిగట్టడం వచ్చిందనుకున్నాను. వరండా దాకా రాకుండానే ఇంతమంది ఉండిపోయారని నాకు తెలియలేదు. ఉస్తాద్‌తో ఆ మాటే అంటే, ఆయన గడ్డం నిమురుకుని, "నాకు గూడ తెలువలే బేటా. ముప్పై ఏండ్లు కూసున్న గా వరండల" అన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి మా వ్యాపారం వరండా నుంచి ఇంటికి మారిపోయింది. బాపు మగ్గం వెనక గదిలోకి జరిపించి, వీధి గది మాకు ఇచ్చేశాడు. రెండేళ్ళు కూడబెట్టి కరీంనగర్‌లో ఒక పాత టైపు మిషను కొన్నాను. దాన్ని బస్సు మీదికెక్కించడానికి మనసొప్పక మంథని దాకా ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. కాళ్ళు తిమ్మిరెక్కి దిగేటప్పుడు కండక్టరు చేయి పట్టుకోవలసి వచ్చింది. మొదటి కాగితం కొడుతుంటే వరుస చివర గంట మోగింది. ఉస్తాద్ ఉలిక్కిపడి, "ఎవరొచ్చిండ్రు?" అని వీధివైపు చూశాడు. మేము చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

ఆ గదిలో ముగ్గురం ఐదేళ్ళు పనిచేశాం. ఇంగ్లీషు కాగితాలు నావి, తెలుగువి ఎక్కువగా ఆమెవి. తర్వాత టైపు నేర్పమని ఊరి పిల్లలు అడగడం మొదలుపెట్టారు. ఇంకో మిషను వచ్చింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నేర్పేవాణ్ణి. చిన్నదే అయినా ఊళ్ళో మాకొక పేరు వచ్చింది. ఎవరైనా కచేరీ పని మీద వస్తే బస్సు దిగిన చోటే మా ఇంటి గుర్తులు చెప్పి పంపేవాళ్ళు.

ఉస్తాద్‌కు డెబ్భై దగ్గరపడ్డాయి. ఆయనకు ఒక్కతే కూతురు, పెద్దపల్లిలో. ఒంటరిగా ఉండొద్దని పోరుపెట్టి తీసుకుపోవడానికి వచ్చింది. ఆయనను బస్సెక్కించడానికి నేనూ నా భార్యా వెళ్ళాం. పెట్టె పట్టుకుంటానంటే ఇవ్వలేదు. బస్సు ఆలస్యమైంది. మేము ఏదో ఒకటి మాట్లాడాలని చూస్తున్నాం, ఆయన మాత్రం నా భార్యతో పని సంగతే మాట్లాడుతున్నాడు.

"మొన్న వచ్చిన ఆమె లేదూ, పిల్లను ఎత్తుకొని వచ్చింది? సోమవారం మళ్ళొస్తది. సగమే చెప్పింది బిడ్డా. తొందర పెట్టకు. మిగిలింది ఆమెనే చెప్తది."

"అట్లనే సాబ్" అంది నా భార్య.

బస్సు కిక్కిరిసి వచ్చింది. ఎవరో లేచి ఆయనకు చోటిచ్చారు. కిటికీ లోంచి ఇంకేదో చెప్పబోయాడు కానీ ఇంజను చప్పుడులో వినబడలేదు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి ఉండి, ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం.

సోమవారం ఆమె వచ్చింది, చంకలో పిల్లతో. నా భార్య ఆమెను లోపల చాప మీద కూర్చోబెట్టి, పిల్ల చేతిలో ఓ పటికబెల్లం ముక్క పెట్టింది. నేను మిషను మీద కప్పిన గుడ్డ తీయకుండా, ఆమె మిగిలింది చెప్పుకునేదాకా వెనక గదిలో బాపు మగ్గం దగ్గర కూర్చున్నాను.